కంచె

మొన్నామధ్య బి.ఏ. క్లాసులో పాఠం చెబుతుండగా 'కంచె' అనే మాట తగిలింది. "కంచె అంటే ఏమిటర్రా?" అని అడిగాను. "ముళ్ళకంప మాస్టారూ" అన్నాడొకడు. "ఇనపతీగ" అన్నాడింకొకడు. వెనక బల్లమీది కుర్రాడొకడు మెల్లగా లేచి, "మా వూళ్ళో పశువులు మేసే బీడును కంచె అంటామండీ" అన్నాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. నిఘంటువు తీసి చూస్తే వాడు చెప్పింది అక్షరాలా నిజం. కంచె అంటే ముళ్ళతో కట్టిన దడి. కంచె అంటే ఆ దడి లోపల పెరిగే పచ్చిక బీడు కూడాను. కాపలా కాసేదానికీ, కాపలాలో వుండేదానికీ ఒకటే పేరు పెట్టినవాడెవడో, వాడికి తప్పకుండా పశువులుండి వుంటాయి.

ఈ రెండో అర్థం నాకు ఎం.ఏ. చదువులో వంటబట్టలేదు. నలభయ్యో పడి దాటాక, మా నాలుగెకరాల కంచెను చేతులారా పాడుచేసి, మళ్ళీ బాగు చేసుకోవటానికి మూడేళ్ళు తంటాలు పడ్డాక వంటబట్టింది. ఆ కథే మీకు మనవి చేస్తున్నాను. గడ్డి గురించి ఏం చదువుతాములే అని పేజీ తిప్పెయ్యకండి. ఇవాళ పొద్దున మీరు తాగిన కాఫీలో పాలు కూడా ఎక్కడో ఒకచోట గడ్డిగా మొలిచినవే గదా!

మాది ఒంగోలుకు ఇరవై కిలోమీటర్ల దూరాన ఒక పల్లెటూరు. నల్లరేగడి నేల. ఒంగోలు గిత్త పేరు వినని తెలుగువాడుండడు. 19వ శతాబ్దం నుంచే ఈ జాతి పశువుల్ని ఓడలెక్కించి బ్రెజిల్ తీసుకుపోయారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం గనక, అక్కడ వాటి సంతతికి 'నెలోర్' అనే పేరు స్థిరపడింది. ఇవాళ ఆ దేశపు మాంసపు మందల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. గిత్తల మూపురాన్నీ, నడకనూ అందరూ పొగుడుతారు. అవి తిన్న గడ్డిని తలచుకునేవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ గడ్డి పేరు చెంగలి. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ఇసైలెమా లాక్సమ్ అంటారు. నల్లరేగడి పల్లాల్లో కుదుళ్ళు కట్టి పెరుగుతుంది. సన్నని కాడ, మెత్తని ఆకు. చెంగలువలో వున్న 'చెం' ఎరుపును చెప్పే మాట. ముదిరేకొద్దీ కాడ ఎర్రబారే యీ గడ్డికి ఆ పేరు తగినట్టే వుంది. పచ్చిగా మేసినా, ఎండబెట్టి వేసినా పశువు ఇష్టంగా తింటుంది.

మా నాన్నగారు జూన్ వానలు పడగానే కంచె తడిక మూసేవారు. ఇక కోత అయ్యేదాకా లోపలికి దూడ కూడా పోవటానికి లేదు. పిల్లలం బంతి పడితే దొడ్డిదారిన దూరి తెచ్చుకుని, చూస్తే చీవాట్లు తినేవాళ్ళం. గడ్డి కోసి వామి వేశాకే మోళ్ళు మేపటానికి పశువుల్ని వదిలేవారు. ఇదంతా ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి.

2018లో నాన్నగారు పోయారు. అమ్మ వూళ్ళోనే వుంటానంది. ఆమెకు తోడు గౌరి అనే ఆవు, దాని దూడ. పక్కింట్లో మా బాబాయి. బావగారు మాత్రం, "ఆ గడ్డి నేల పెట్టుకుని ఏం చేస్తారు? అమ్మేస్తే పిల్లల చదువులకు పనికొస్తుంది" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కాని అమ్మ వొప్పుకోలేదు. "గౌరి వున్నన్నాళ్ళూ దాని గడ్డి దానికుండనివ్వండి" అంది. చూసుకునే భారం నాది అన్నాను.

నేను చూసుకున్న తీరు వినండి. మరుసటి వానాకాలానికి ఆ కంచెను ఒక గొర్రెల మందకు కౌలుకిచ్చాను. డబ్బుకు డబ్బు, పైగా గొర్రెల పెంటికలు ఉచితంగా పడతాయి, నేలకు ఎరువు. ఇంతటి తెలివి నాన్నగారికి లేకపోయిందే అని లోలోపల మురిసిపోయాను కూడా. "అబ్బాయ్, వానల్లో మేపితే కంచె చస్తుందిరా" అని బాబాయి టెలిఫోనులో చెప్పాడు. "ఒక్క ఏడాదే గదా బాబాయ్" అన్నాను. ఆ ఒక్క ఏడాది రెండేళ్ళయింది.

2020 మార్చిలో కరోనా వల్ల కాలేజీలు మూతపడ్డాయి. కొద్దిరోజులకు వీలు చిక్కగానే భార్యాపిల్లలతో వూరు చేరాను. తొలకరి పడ్డాక ఒకరోజు సాయంత్రం కంచె చూద్దామని వెళ్ళి, దారి తప్పానేమో అనుకున్నాను. చెంగలి వుండవలసిన చోట మోకాలెత్తున ఒకటే తెల్లపూలు. దూరం నుంచి చూస్తే కొత్తిమీర మడిలా నవనవలాడుతున్నది. వయ్యారిభామ! పేరు పెట్టినవాడి రసికతకు మెచ్చుకోవాలిగాని, అంతటి దుర్మార్గపు మొక్క మరొకటి లేదు. అమెరికా ఖండాల నుంచి వచ్చి, 1950ల నడిమికాలంలో పూనాలో కంటబడిన యీ కలుపు ఇవాళ దేశమంతా పరుచుకుంది. తాకితే దురద, పూత కాలంలో కొందరికి వుబ్బసం. గత్యంతరం లేక పశువు తింటే పాలు చేదెక్కుతాయి. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది.

వాటి మధ్య అక్కడక్కడా సర్కారుతుమ్మ. ఈ తుమ్మకు మన గడ్డతో పాత చుట్టరికమే వుంది. 1877లో దీని విత్తనాల్ని తెప్పించి మన కడప జిల్లాలో నాటించారు. వంటచెరుకుకు పనికొస్తుందని తెచ్చిన చెట్టు, చెరువులూ, బీళ్ళూ ఆక్రమించి కూర్చుంది.

"ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి బాబాయ్?" అన్నాను.

"నువ్వు పిలిస్తే వచ్చాయి" అన్నాడాయన.

తరవాత వివరంగా చెప్పాడు. పశువైనా గొర్రె అయినా ముందు తియ్యని గడ్డిని వెతుక్కుని తింటుంది. చేదు మొక్కను వదిలేస్తుంది. గడ్డికి అన్నం వండేది ఆకు. కొత్త ఆకు వేసినప్పుడల్లా కొరికేస్తుంటే, వేరు తన నిలవంతా ఖర్చుపెట్టి చివరికి చస్తుంది. చెంగలి కుదురు చచ్చినచోట నేల బయటపడుతుంది, ఎండ తగులుతుంది. మట్టిలో నిద్రపోతున్న కలుపుగింజకు కావలసింది అంతే. "కలుపు వచ్చి గడ్డిని తరిమిందనుకుంటున్నావు. గడ్డి లేచిపోయిన కుర్చీలో కలుపు కూచుందిరా" అన్నాడు బాబాయి. ఇక నేను మురిసిపోయిన ఉచితపు ఎరువు సంగతంటారా, సర్కారుతుమ్మ కాయ తియ్యగా వుంటుంది గనక గొర్రెలు ఆబగా తింటాయట. గింజ అరగదు. పెంటికతో పాటు పడి, ఆ ఎరువులోనే మొలుస్తుంది. అంటే కౌలు తీసుకుని మరీ మా కంచెలో తుమ్మ విత్తించుకున్నానన్నమాట!

ఆ వానాకాలమంతా మాకు అదే పని. వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. పూత వచ్చాక పీకితే గింజల్ని మన చేత్తో మనమే చల్లినట్టు. వాన పడి నేల మెత్తగా వున్నప్పుడయితే వేరుతో సహా వస్తుంది. కొడవలితో కోస్తే మళ్ళీ చిగురు వేస్తుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మొదటిరోజు నేను శౌర్యానికిపోయి ఉత్తచేతులతో పీకి, వారం రోజులు మోచేతులదాకా గోక్కున్నాను. ఈ మొక్క ఆకుల్నే తిని బతికే మెక్సికో దేశపు పెంకుపురుగును 1984లో బెంగుళూరులో వదిలారు. వానల్లో అది కొంత సాయం చేస్తుందిగాని, మనిషి నడుం వంచే పని మాత్రం తప్పదు.

సర్కారుతుమ్మను మొదలంటా నరికి విజయగర్వంతో ఇంటికొచ్చాను. నెల తిరక్కుండా ఒక్కొక్క మోడు నుంచి పది కొమ్మలు లేచాయి. నేలకింద కాండమూ వేరూ కలిసే ముడి ఒకటుంటుంది. దాన్ని తవ్వి తీస్తేనే చెట్టు చచ్చినట్టు. అట్లా తీసిన కంపనంతా చుట్టూ పేర్చి దడి కట్టాం. దొంగతోనే కాపలా కాయించినట్టయింది.

పల్లపు వైపు చెంగలి కుదుళ్ళు కొన్ని బతికి వున్నాయి. బోడినేల మీద బాబాయి కంచెలో ముదిరి గింజపట్టిన గడ్డిని తెచ్చి పలచగా పరిచాం. గింజ రాలి మొలిచింది. తడిక మూశాను. ముప్పై ఏళ్ళ కిందట నన్ను చీవాట్లు పెట్టిన మాటలే మా పిల్లల్ని అంటుంటే అమ్మ అరుగుమీద కూచుని నవ్వింది.

ఆ కార్తీకానికి గడ్డి వెన్ను తీసింది. "కోద్దాం" అన్నాడు బాబాయి. నాకు ఆశ పుట్టింది. ఇంకా పెరుగుతున్నది గదా, రెండు నెలలాగితే మోపులు పెరుగుతాయి, వానల భయమూ వుండదు. సంక్రాంతికి కోశాను. నిలువెత్తు వామి లేచింది. వూళ్ళోవాళ్ళు చూస్తుండగా ఒక మోపు తెచ్చి గౌరి ముందు వేశాను. అది వాసన చూసింది. నాకేసి ఒకసారి చూసింది. తల తిప్పి, పక్కనున్న పాత వరిగడ్డి నమలటం మొదలుపెట్టింది.

మా మండలానికి వచ్చిన పశువుల డాక్టరు ఒక చిన్నవయసు అమ్మాయి. దూడకు సూది వెయ్యటానికి వచ్చినప్పుడు ఆమెతో మొరపెట్టుకున్నాను. ఒక పరక తీసి విరిచి చూసి, "మాస్టారూ, గడ్డికి కూడా ఈడు వుంటుందండీ" అంది.

గడ్డి ముందు ఆకు వేస్తుంది, తరవాత కాడ, ఆపైన వెన్ను, పూత, గింజ. లేతగా వున్నప్పుడు మాంసకృత్తులు ఎక్కువ, కాని మోపు తక్కువ. గింజ ముదిరేసరికి సత్తువంతా గింజలోకి పోయి రాలిపోతుంది, మిగిలేది పీచు. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్ళకు తగ్గితే పశువు కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులకే తిండి చాలదు. అవి నీరసిస్తే పశువు తినటమే తగ్గిస్తుంది. అందుకని సగం వెన్నులు పూతలో వుండగా కొయ్యాలి. బరువూ, బలమూ రెండూ కలిసి వచ్చే అదను అదే. కోసేటప్పుడు నేలకు చెక్కకుండా మూడు నాలుగు అంగుళాల మోడు వుంచితే కుదురు తేలిగ్గా మళ్ళీ చిగురిస్తుంది. పైగా ఆ వేళకు చాలా కలుపుమొక్కలు ఇంకా గింజ కట్టవు. వేళకు కోసిన కోతే సగం కలుపుతీత.

"మరి పూత వేళకు మనకు తుపాన్లు గదమ్మా?" అన్నాను.

"అదేనండీ కష్టం. ఆకాశాన్ని చూసుకుని కొయ్యాలి" అంది.

ఆకాశాన్ని చూసుకునే కోశాను, 2021 నవంబరులో. ఆ నెల నెల్లూరు, కడప జిల్లాల్లో వరదలు వచ్చిన సంగతి మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. మాకు నడుమ నాలుగు రోజులు తెరిపి దొరికింది. రెండురోజులు ఎండబెట్టాను. పైన చెయ్యి పెడితే గలగలమంటున్నది. సోమవారం నేను కాలేజీకి పోవాలి. "ఇంకో ఎండ తగలాలిరా" అని బాబాయి అంటూనే వున్నాడు. వినకుండా ఆదివారం సాయంత్రమే కొట్టం పక్కన వామి వేయించి బస్సెక్కాను.

నాలుగోరోజు రాత్రి పదింటికి అమ్మ ఫోను చేసింది. "వామి దగ్గర తియ్యటి పులుపు వాసన వస్తున్నదిరా. చెయ్యి పెడితే సెగ కొడుతున్నది" అంది. ఆమె గొంతులో భయం వినిపించింది. కొట్టంలో గౌరి వుంది, ఆనుకునే ఇల్లు వుంది. బాబాయి నలుగురిని కేకేసి, ఆవునూ దూడనూ విప్పించి, నీళ్ళ డ్రమ్ములు పక్కన పెట్టించి, వామిని పైనుంచి జాగ్రత్తగా విప్పించాడు. నడిమిగడ్డి పొగాకులా నల్లబడి పొగలు కక్కుతున్నదట. తెల్లవారుజామున నేను దిగేసరికి వాకిలంతా బూజుపట్టిన గడ్డి, మధ్యలో పీట వేసుకుని అమ్మ. నన్నొక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

పచ్చిగడ్డిలో నూటికి 70 నుంచి 80 పాళ్ళు నీరే. వామి వెయ్యాలంటే అది 15 పాళ్ళకు దిగాలి. కోసిన గడ్డి ఆరేదాకా ఊపిరి తీస్తూనే వుంటుంది. తడి మిగిలితే బూజూ, సూక్ష్మజీవులూ చేరి వేడి పుట్టిస్తాయి. ఆ వేడి నడిమి నుంచి బయటపడలేక పెరిగి పెరిగి, 70 డిగ్రీలు దాటాక నిప్పు ముట్టించకుండానే అంటుకునే ప్రమాదం వుంది. అంటుకోకపోయినా బూజుగడ్డి పశువుకు రోగమే.

పదను తెలుసుకోవటానికి డాక్టరమ్మ రెండు పరీక్షలు చెప్పింది. గుప్పెడు గడ్డి తీసి తాడులా మెలిపెట్టాలి; కాడలు ఫెళ్ళున విరగాలి, కణుపు దగ్గర చెమ్మ కనపడకూడదు. రెండోది ఆడవాళ్ళకు మరీ సులువు. మూత వున్న గాజుసీసాలో గడ్డిముక్కలు, ఒక చెంచా పొడి ఉప్పు వేసి కాసేపు గిలకరించాలి. ఉప్పు ఉండకట్టిందా, గడ్డి ఇంకా పచ్చి. పొడిపొడిగా వుందా, వామి వెయ్యొచ్చు. ఊరగాయ ఉప్పు సంగతి తెలిసిన మా అమ్మకు యీ పరీక్ష ఎంత నచ్చిందో!

2022లో గడ్డి బాగా పెరగాలని యూరియా బస్తాలు తెస్తానన్నాను. డాక్టరమ్మ వారించి ఒక సంగతి చెప్పింది. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనేచోట 1856 నుంచి యీనాటిదాకా ఒకే గడ్డిమైదానాన్ని మళ్ళుగా విడగొట్టి, ఏటా కోస్తూ, రకరకాల ఎరువులు వేసి చూస్తున్నారట. ఎరువేమీ వెయ్యని మళ్ళల్లో ముప్పై నలభై జాతుల మొక్కలు కలిసి బతుకుతుంటే, నత్రజని గుమ్మరించిన మళ్ళల్లో నేల పులిసి, ఒకటి రెండు మొండిజాతులే మిగిలాయట. "మీ చెంగలి ఏది, మొండిది ఏది అని యూరియాకు తెలియదు మాస్టారూ" అంది. దానికి బదులు గాలిలోని నత్రజనిని వేళ్ళలో పట్టివుంచే పప్పుజాతి మేత, స్టైలో, ఖాళీల్లో చల్లించింది. గట్టిగింజ గనక వేడినీళ్ళలో కాసేపు వుంచి ఆరబెట్టి చల్లాం. పశువుకు అదీ మంచి మేతే.

ఆ ఏడు సగం పూతలో కోశాం. కాలేజీకి వారం సెలవు పెట్టాను. మంచు ఆరాక పలచగా పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సగం ఆరాక చిన్నచిన్న కుప్పలు పెట్టాం. ఎండలోనే మాడిస్తే ఆకు రాలిపోతుంది, పచ్చదనం పోతుంది, దానితో పాటు సారమూ పోతుంది. నాలుగోనాడు అమ్మ ఉప్పుసీసా గిలకరించి, వెలుతురుకు పెట్టి చూసి, "వెయ్యండి" అంది. వామి కొట్టానికి దూరంగా, ఎత్తు దిబ్బమీద వేశాం. తరవాత వారమంతా రోజూ రాత్రి ఫోను చేసి, "చెయ్యి పెట్టి చూశావా అమ్మా?" అని అడిగేవాణ్ణి. "చల్లగా వుంది, పడుకో" అనేది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు వామి నుంచి ఒక పన లాగాం. ఆకుపచ్చగా, ఏలకుల డబ్బా మూత తీసినట్టు తియ్యని వాసన. గౌరి ముందు వేశాం. ఈసారి అది నాకేసి చూడలేదు. తల దించింది, గాడి ఖాళీ అయ్యేదాకా ఎత్తలేదు.

లాభం ఎంత వచ్చిందని బావగారు అడిగారు. అమ్ముకోవటానికి ఒక్క మోపు మిగల్లేదు. గౌరికీ, దూడకూ ఉగాది దాటేదాకా కొన్నమేత అక్కర్లేకపోయింది. అంతే లెక్క. నాలుగెకరాలకు అది గొప్ప ఆదాయమని ఆయనతో వాదించలేను. అమ్మ తరవాత ఆ నేల ఏమవుతుందో నాకూ తెలియదు. కాని అమ్మితే అమ్మనీ, బాగున్న కంచెను అమ్ముతాం; నా తెలివితక్కువతో చచ్చిన బీడును కాదు.

ఆనాడు క్లాసులో నవ్వినవాళ్ళకు నేను చెప్పింది కొంచెమే. పాతకాలపు తెలుగులో 'కసవు' అంటే పచ్చగడ్డి. ఇవాళ చాలా ఇళ్ళల్లో కసవు అంటే చీపురుతో వూడ్చేసే చెత్త. కాపలా తీసేస్తే మాటకైనా గడ్డికైనా అదే గతి. వెనకబల్ల కుర్రాణ్ణి గంట కొట్టాక ఆపి, "మీ కంచెలో ఏం గడ్డిరా?" అని అడిగాను.

"చెంగలేనండీ. ఇప్పుడు పూతలో వుంది. ఈ ఆదివారం కోత, సోమవారం క్లాసుకు రాలేను" అన్నాడు.

"మంగళవారం కూడా రాకు. ఇంకో ఎండ తగలనివ్వు" అన్నాను.